నెమ్మదించిన స్త్రీలు: ఉద్వేగానికీ విచక్షణకీ మధ్య తెంపిన దారి

మన భాషలో 'మనసు' చాలా పనులు చేస్తుంది. మనసులో అనుకుంటాం, మనసులోనే లెక్కలు వేసుకుంటాం. ఆ మనసే నొచ్చుకుంటుంది, విరుగుతుంది, ఒకరి మీద పడుతుంది. ఆలోచనకీ ఉద్వేగానికీ వేరువేరు గదులు కట్టకుండానే తెలుగువాళ్లు రోజంతా మాట్లాడుకుంటారు. తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మధ్యలో గోడ లేస్తుంది. భార్యను కొట్టిన మగవాడి గురించి 'ఏదో ఆవేశంలో చేశాడు' అంటారు. ఆ 'ఏదో'లో సగం క్షమాపణ ముందే ఇచ్చేసి ఉంటారు. ఆ దెబ్బ గురించి నలుగురిలో నోరు విప్పిన ఆమెను 'ఊరికే ఆవేశపడుతుంది' అంటారు. మాట ఒకటే. అతనికి అది దారిన పోతుంటే సోకిన గాలి, ఆమెకు స్వభావం. స్త్రీ బుద్ధి ప్రళయాంతకం అన్న సామెతను ఇప్పుడు ఎవరూ గట్టిగా అనరు గానీ, ఒక రచయిత్రి పుస్తకం మీద సమీక్షలో 'ఉద్వేగం పాలు కాస్త ఎక్కువైంది' అని చదివినప్పుడల్లా ఆ సామెతే చదువుకుని ఉద్యోగంలో చేరిందని నాకనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మూడు దశాబ్దాలపాటు వైద్యులు ఈ గోడను మెదడులో నిజంగానే కట్టబోయారు. ఆ ప్రయత్నం పేరు లొబాటమీ. వైద్య చరిత్రలో ఒక దారుణంగా దాని గురించి చాలామంది రాశారు. నన్ను ఆపింది దాని వెనకున్న సిద్ధాంతం. ఉద్వేగానికి సంబంధించిన భాగాల నుంచి నుదుటి వెనక భాగానికి ఒక దారి ఉంది, ఆ దారిన వచ్చేది ఆలోచనను పాడుచేస్తుంది, కాబట్టి దారి తెంపితే మనిషి బాగుపడుతుంది: స్థూలంగా ఇదీ వాదన. ఇందులో మొదటి మాట నిజం. తక్కినది నిజం కాదని తేలేలోపు ఎక్కువగా తెగింది స్త్రీల మెదళ్లు.

కథలోకి వెళ్లేముందు ఆ చోట్ల గురించి నాలుగు ముక్కలు. నుదుటి ఎముక వెనకున్న మెదడు పొర ప్రిఫ్రంటల్ కార్టెక్స్. చేయబోయే పనిని గుర్తుంచుకుని దాని ప్రకారం నడవడం, తొందరపాటును ఆపుకోవడం, రేపటిని తలచుకుని ఇవాళ నిర్ణయించుకోవడం దీని మీద ఆధారపడతాయి. కణతల లోపల, లోతుగా, రెండు పక్కలా బాదంగింజ ఆకారంలో అమిగ్డలా ఉంటుంది. ఆ గ్రీకు మాటకు అర్థమూ బాదమే. భయపడవలసినదాన్నీ, పట్టించుకోవలసినదాన్నీ గుర్తుపట్టడంలో దాని పాత్ర పెద్దది. మెదడు నడిమధ్యన ఉన్న థాలమస్ ఒక పెద్ద కూడలి. 1878లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా లోపలి అంచునున్న భాగాలకు 'లింబిక్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో లింబస్ అంటే అంచు. స్త్రీల మెదడు చిన్నదిగా ఉండడానికి వాళ్ల తెలివి తక్కువ కావడం కూడా ఒక కారణమని 1861లో వాదించినదీ ఈ బ్రోకాయే. 1937లో అమెరికాలో జేమ్స్ పేపెజ్ ఉద్వేగం తిరిగే వలయం ఒకదాన్ని ఊహించాడు. 1952లో పాల్ మక్లీన్ ఈ భాగాలన్నిటినీ కలిపి 'లింబిక్ వ్యవస్థ' అన్నాడు. తర్వాత అతనే మెదడును మూడంతస్తుల మేడగా వర్ణించాడు. కింద సరీసృపం, మధ్యలో పశువు, పైన ఆలోచించే మనిషి. ఇలాంటి మేడలో ఎవరికి ఏ అంతస్తు కేటాయిస్తారో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పరిణామ శాస్త్రం ఆ మేడను ఎప్పుడో కూల్చేసింది గానీ వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఇప్పటికీ అద్దెకిస్తూనే ఉన్నారు.

లొబాటమీ కథ రెండు ఆడ చింపాంజీలతో మొదలవుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫుల్టన్, కార్లైల్ జాకబ్సన్ వాటికి బెకీ, లూసీ అని పేర్లు పెట్టారు. తిండి ఏ గిన్నె కింద దాచారో కాసేపయ్యాక గుర్తుపెట్టుకుని తీయాలి, అదీ పరీక్ష. బెకీ తప్పు చేసినప్పుడల్లా నేల మీద పడి దొర్లి కేకలు వేసేది. చివరికి పరీక్ష గది వైపు రావడానికే ఒప్పుకోలేదు. రెండింటికీ నుదుటి వెనక భాగాలు తొలగించారు. ఆ తర్వాత బెకీ ఎన్ని తప్పులు చేసినా చీకూచింతా లేకుండా కూర్చునేది. ఏదో ఆనంద మార్గంలో చేరినట్టుందని పరిశోధకులు చమత్కరించారు. లూసీ సంగతి వేరు. మొదట్లో నెమ్మదిగా ఉండే లూసీకి ఆపరేషన్ తర్వాత, ఓడినప్పుడల్లా కోపం రావడం మొదలైంది. పైగా రెండూ పరీక్షలో తప్పుతూనే ఉన్నాయి. అంటే ఆ ప్రయోగం చెప్పింది ప్రధానంగా జ్ఞాపకం గురించి. 1935లో లండన్‌లో జరిగిన నాడీవైద్యుల అంతర్జాతీయ సభలో ఈ ఫలితాలు వినిపించినప్పుడు శ్రోతలకు గుర్తుండిపోయింది మాత్రం బెకీ. లూసీ చరిత్రలో అడుగున పడిపోయింది.

ఆ సభలో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ ఉన్నాడు. మనుషుల ఆందోళనను కూడా ఇలా తగ్గించవచ్చు కదా అని అతను లేచి అడిగాడని ఫుల్టన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అదే ఏడు నవంబరు 12న లిస్బన్‌లో మొదటి ఆపరేషన్ జరిగింది. మోనిజ్ చేతులకు కీళ్లవాతం, కాబట్టి పరికరం పట్టినది అతని సహచరుడు అల్మైడా లీమా. పుర్రెకు రంధ్రాలు చేసి నుదుటి భాగాల్లోని తెల్లటి తంతువుల్లోకి ఆల్కహాల్ ఎక్కించారు. రోగి పడుపువృత్తిలో బతికి మానసిక చికిత్సాలయానికి చేరిన 63 ఏళ్ల స్త్రీ. ఆమెను తిరిగి అక్కడికే పంపించారు. మోనిజ్ లెక్కలో మాత్రం ఆమెకు నయమైంది. 1936లో అతను 20 మంది ఫలితాలు ప్రకటించాడు. ఏడుగురికి నయమైంది, ఏడుగురు మెరుగయ్యారు, ఆరుగురిలో మార్పు లేదు. వాళ్లను గమనించింది కొద్దివారాలు మాత్రమే. మొదట్లో తన రోగులను ఇచ్చిన మానసిక వైద్యుడు సోబ్రల్ సిద్, వాళ్లు తగ్గిపోయి తిరిగొచ్చారని చూసి, ఇక ఇవ్వడం మానేశాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. 1949లో మోనిజ్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాలో దీన్ని అందుకున్నది వాల్టర్ ఫ్రీమన్, శస్త్రవైద్యుడు జేమ్స్ వాట్స్. 1936 సెప్టెంబరులో వాళ్లు మొదటగా ఆపరేషన్ చేసినది కాన్సస్ నుంచి వచ్చిన 63 ఏళ్ల గృహిణికి. జుట్టు గొరిగేస్తారని తెలిసి ఆమె ఒప్పుకోలేదు. తన ఉంగరాల జుట్టంటే ఆమెకు ప్రాణం. సాధ్యమైనంత వరకు ఉంచుతామని నచ్చజెప్పి పడుకోబెట్టారు. లేచాక ఆమె జుట్టు సంగతి పట్టించుకోలేదు, దాన్నే ఫ్రీమన్ విజయంగా రాసుకున్నాడు. ఒక స్త్రీకి తన తల మీద తనకున్న చివరి పట్టు అది. అది పోవడమే ఆరోగ్యానికి రుజువైంది. థాలమస్ నుంచి నుదుటి భాగాలకు వెళ్లే తంతువులు ఆలోచనలకు ఉద్వేగపు బలం ఇస్తాయనీ, వాటిని కోస్తే ఆలోచన మిగిలి అందులోని ముల్లు పోతుందనీ ఫ్రీమన్ నమ్మకం. ముల్లుతో పాటు ఇంకేమి పోతుందో కొలిచే కొలమానం అతని దగ్గర లేదు. ఇల్లు చేరి వంటా వార్పూ చేసుకుంటూ ఎవరినీ ఎదిరించకుండా ఉంటే చాలు, స్త్రీ విషయంలో ఫలితం బాగున్నట్టే.

1946 జనవరిలో ఫ్రీమన్ పద్ధతి మార్చాడు. పుర్రెకు రంధ్రాలు అక్కర్లేదు. కరెంటు షాకుతో స్పృహ తప్పించి, ఐసు గడ్డలు పగలగొట్టే పొడవాటి సూదిలాంటి పరికరాన్ని కంటిగుంట పైభాగం గుండా సుత్తితో కొట్టి లోపలికి దించి అటూ ఇటూ తిప్పడమే. పది నిమిషాల పని. ఈ పద్ధతికి కూడా మొదటి రోగి ఒక గృహిణే. అతను జీవితంలో దాదాపు 3,500 మందికి లొబాటమీ చేశాడు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 40,000 దాటింది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో మగ రోగులే ఎక్కువగా ఉన్న కాలంలో, 1951 నాటి ఒక సర్వే ప్రకారం లొబాటమీ జరిగినవారిలో నూటికి దాదాపు 60 మంది స్త్రీలు. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ ఆసుపత్రి రికార్డులను చరిత్రకారుడు జోయెల్ బ్రాస్లౌ పరిశీలించి 1997లో పుస్తకం రాశాడు. అక్కడ ఆ వాటా 80 శాతం పైమాటే. 1954లో క్లోర్‌ప్రొమజీన్ మందు అమెరికాకు వచ్చాక లొబాటమీలు తగ్గాయి. ఫ్రీమన్ చివరి ఆపరేషన్ 1967లో, అప్పటికే రెండుసార్లు తన చేతిలో పడిన స్త్రీకి. మెదడులో రక్తస్రావమై ఆమె చనిపోయింది.

సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఈ చరిత్ర దూరం కాదు. టెనెసీ విలియమ్స్ అక్క రోజ్‌కి 1943లో తల్లి అనుమతితో లొబాటమీ చేశారు. మరుసటి ఏడాది రంగస్థలమెక్కిన అతని 'ద గ్లాస్ మెనేజరీ' నాటకంలో గాజు బొమ్మలతో బతికే లారా వెనక ఉన్నది ఆమే. 1941లో జాన్ కెనెడీ చెల్లెలు రోజ్‌మేరీకి 23 ఏళ్ల వయసులో ఫ్రీమన్, వాట్స్ ఆపరేషన్ చేశారు. చదువులో వెనకబడిన ఆ అమ్మాయి పెద్దయ్యాక కోపం తెచ్చుకుంటోందనీ, రాత్రిళ్లు బయటికి వెళ్లిపోతోందనీ, పరువు పోతుందనీ తండ్రి భయం. ఆపరేషన్ జరుగుతుండగా ఆమెతో మాట్లాడిస్తూ, మాట తప్పాక ఆపారు. ఆ తర్వాత నడకా మాటా కూడా సరిగా లేకుండా 2005 దాకా బతికింది.

జానెట్ ఫ్రేమ్ కథ దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోతాను. న్యూజిలాండ్‌కి చెందిన ఈ రచయిత్రికి ఇరవయ్యేళ్ల ప్రాయంలో స్కిజోఫ్రీనియా అని ముద్ర వేశారు. ఎనిమిదేళ్ల పాటు ఆసుపత్రుల్లోకి వెళ్తూ వస్తూ, మత్తు ఇవ్వకుండా పెట్టే కరెంటు షాకులు రెండొందలకు పైగా భరించింది. డనీడిన్ దగ్గరున్న సీక్లిఫ్ ఆసుపత్రిలో ఆమెకు లొబాటమీ చేయాలని నిర్ణయించారు. తల్లికి నచ్చజెప్పి సంతకం పెట్టించుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లో ఆమె మొదటి కథల సంపుటి 'ద లగూన్'కి హ్యూబర్ట్ చర్చ్ బహుమతి వచ్చింది. ఆ వార్త పత్రికలో చూసిన పెద్ద డాక్టరు ఆపరేషన్ రద్దు చేశాడు. తర్వాత లండన్‌లో మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ఆమెకు ఆ జబ్బు ఎప్పుడూ లేదని తేల్చారు. ఆమె 2004 దాకా బతికి ఎన్నో నవలలు రాసింది. ఆ ఆసుపత్రి రోజుల సంగతులు 1984లో వచ్చిన ఆత్మకథ రెండో భాగం 'యాన్ ఏంజెల్ ఎట్ మై టేబుల్'లో ఉన్నాయి. సాహిత్యం ప్రాణం కాపాడిందని దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఫ్రేమ్ మాత్రం తన రచనే తనను కాపాడిందని రాసుకుంది. అదే జాబితాలో ఆమె స్నేహితురాలు ఒకామె ఉంది. ఆమె పుస్తకాలేవీ రాయలేదు, బహుమతులేవీ రాలేదు. ఆమెకు ఆపరేషన్ జరిగింది.

ఇది పడమటి దేశాల గొడవే అనుకోవడానికి లేదు. 1944లో 'ద లాన్సెట్' పత్రికలో బెంగళూరు మానసిక వైద్యశాలకు చెందిన ఎం.వి. గోవిందస్వామి, బాలకృష్ణారావు భారతీయ రోగుల మీద చేసిన ల్యూకాటమీల గురించి రాశారు. ల్యూకాటమీ అంటే ఇదే ఆపరేషన్. 1960లలో మద్రాసులో ఇంకో అడుగు పడింది. నుదుటికి వెళ్లే దారిని కోసే బదులు, సన్నని సూదితో నేరుగా అమిగ్డలానే కొంత నాశనం చేయడం. జపాన్‌లో హిరోటారో నరబయాషి మొదలుపెట్టిన ఈ పద్ధతిని మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి, వి. బాలసుబ్రమణ్యం బృందం పెద్ద ఎత్తున చేసింది. రెండు దశాబ్దాల్లో నాలుగు వందల పైచిలుకు. దీనికి వాళ్లు 'సెడేటివ్ న్యూరోసర్జరీ' అని పేరు పెట్టారు, నెమ్మదిపరిచే శస్త్రచికిత్స అని. రోగుల్లో ఎక్కువమంది మూర్ఛలూ మెదడువాపూ వచ్చి, అదుపు తప్పి, తమనూ ఇతరులనూ గాయపరచుకునే పిల్లలు. ఆ వ్యాసాల మీద బాలసుబ్రమణ్యంతో పాటు ఉన్న పేరు టి.ఎస్. కనక. 1968లో న్యూరోసర్జరీ పట్టా అందుకుని, ఆసియాలోనే ఆ రంగంలో అడుగుపెట్టిన తొలి స్త్రీలలో ఒకరైన డాక్టర్ కనక.

ఇక్కడ నా స్త్రీవాద చరిత్ర తేలిగ్గా నడవదు. మగవాళ్ల రంగంలో ఒంటరిగా నిలదొక్కుకుని, 2018లో చనిపోయే దాకా పేదలకు వైద్యం చేసిన మనిషి ఆవిడ. ఫ్రీమన్ పక్కన ఆవిడను నిలబెట్టడం అన్యాయం. లెక్కలు దాచలేదు, పద్ధతిగా ప్రచురించారు. ఇంటికి గొలుసుతో కట్టేసిన పిల్లవాడి తల్లికి అప్పట్లో వేరే దారి ఏముందన్న ప్రశ్న కూడా నిజమైనదే. అయినా ఆ వ్యాసాల్లో 'నెమ్మదించాడు' అన్న ఫలితాన్ని చూసినప్పుడు, కాన్సస్ గృహిణి జుట్టే నాకు గుర్తొస్తుంది. ఎవరికి నెమ్మది? మన దేశంలో దీనికి చట్టపరమైన సమాధానం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో వచ్చింది. 96వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలంటే అది ఎవరికి చేస్తున్నారో ఆ మనిషే తెలిసి ఒప్పుకోవాలి, పైగా బోర్డు అనుమతి ఉండాలి. తండ్రి, భర్త, తల్లి సంతకం చాలదు.

ఇక ఆ తెంపిన దారిలో ఏం ప్రయాణిస్తుందన్న ప్రశ్న. దీనికి జవాబులు 1980ల నుంచి రావడం మొదలైంది. ఆంటోనియో డమాసియో 1994లో రాసిన 'డేకార్ట్స్ ఎర్రర్' పుస్తకంలో ఇలియట్ అని మారుపేరు పెట్టిన ఒక రోగి ఉన్నాడు. కణితి తీసినప్పుడు అతని నుదుటి భాగం కింది వైపు దెబ్బతింది. తెలివి పరీక్షల్లో మార్కులు తగ్గలేదు, తర్కం చెక్కుచెదరలేదు. ఉద్వేగం మాత్రం ఇంకిపోయింది. అంటే ఫ్రీమన్ కలలుగన్న మనిషి. అతను చిన్న చిన్న విషయాల దగ్గర కూడా గంటలు గంటలు తేల్చుకోలేకపోయేవాడు. ఉద్యోగం పోయింది, కాపురం పోయింది. ఏది ముఖ్యం, ఏది కాదు అని లోపలి నుంచి చెప్పేది లేకపోతే తర్కం ఎంత నడిచినా గమ్యం చేరదు. డమాసియో బృందం పేకముక్కల ఆటతో ఒక ప్రయోగం చేసింది. నష్టం తెచ్చే కట్ట వైపు చెయ్యి వెళ్లేముందే మామూలు వాళ్ల అరచేతుల్లో చెమట పెరుగుతుంది. ఇలాంటి గాయాలున్నవాళ్లకు అది ఉండదు, ఓడుతూనే ఆడతారు. మనిషికి తెలియకముందే చెయ్యికి తెలుస్తుందన్న భాగం మీద తర్వాత విమర్శలు వచ్చాయి, అవి సబబైనవే. కానీ ఉద్వేగం లేని విచక్షణ కుంటుతుందన్న సంగతి నిలిచింది. నేల మీద దొర్లిన బెకీని ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. తప్పు చేశానని దానికి తెలిసేది.

ఆ దారుల పటాన్ని ఓపిగ్గా గీసినవాళ్లలో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ బార్బస్ ముఖ్యురాలు. కోతుల మెదళ్లలో ఆమె బృందం తంతువు తంతువుగా వెతికింది. కళ్ల పైన ఉండే ప్రిఫ్రంటల్ వెనక భాగానికీ అమిగ్డలాకీ రెండు వైపులా గట్టి రాకపోకలున్నాయి. లెక్కా ప్రణాళికా చూసే పక్క భాగాలకు నేరుగా వెళ్లే తంతువులు పలచన. అక్కడికి ప్రభావం ఇతర భాగాల మీదుగా చేరుతుంది. 2012లో బాసిలిస్ జికోపౌలోస్‌తో కలిసి ఆమె ఇంకో సంగతి బయటపెట్టింది. థాలమస్ చుట్టూ పల్చటి తెరలా ఒక పొర ఉంటుంది. ఏ సమాచారం పైకి వెళ్లాలో, ఏది ఆగాలో అది నియంత్రిస్తుందని భావిస్తారు. అమిగ్డలా నుంచి ఆ తెరకు నేరుగా బలమైన దారి ఉంది. 2015లో ఆమె బృందమే థాలమస్ మధ్యభాగం ద్వారా అమిగ్డలా సంకేతాలు నుదుటి కింది భాగానికి వెళ్లే తీరును వివరించింది. ఫ్రీమన్ తెంపాలనుకున్నది ఇంచుమించు ఈ మధ్యభాగం నుంచి వెళ్లే తంతువులనే. వేటి మీద ధ్యాస నిలపాలో తేల్చడంలో పాలుపంచుకునే దారిని అతను మురికికాలువ అనుకున్నాడు.

ఇవతలి పక్క కూడా చెప్పాలి, లేకపోతే ఉద్వేగానికి గుడి కట్టినట్టవుతుంది. యేల్‌లో ప్యాట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్ ప్రిఫ్రంటల్ కణాలు కనిపించనిదాన్ని కాసేపు ఎలా పట్టి ఉంచుతాయో చూపించింది. ఆమెతో కలిసి పనిచేసిన ఏమీ ఆర్న్‌స్టెన్ ఒత్తిడి ఆ పట్టును ఎలా వదిలిస్తుందో దశాబ్దాలుగా పరిశోధించింది. మన అదుపులో లేని ముప్పు ఎదురైనప్పుడు మెదడులో నోరాడ్రినలిన్, డోపమైన్ బాగా పెరిగి ప్రిఫ్రంటల్ కణాల మధ్య సంబంధాలు తాత్కాలికంగా బలహీనపడతాయి. అమిగ్డలాకు, అలవాట్లకు సంబంధించిన భాగాలు పైచేయి అవుతాయి. జంతువుల్లో ఈ ఒత్తిడి చాలాకాలం సాగితే ఆ కణాల కొమ్మలే కుదించుకుపోయాయి. ఇందులో 'అదుపులో లేని' అన్న మాట ముఖ్యం. అంతే శబ్దాన్ని ఆపగలమని తెలిసినప్పుడు మనుషులు అంతగా తడబడరు. దీన్నుంచి నేను చేసుకునే ఊహ ఒకటుంది. రాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతూ ఏళ్లు గడిపిన మనిషి, 2005 గృహహింస చట్టం కింద కోర్టుకెక్కి తేదీలు తారుమారు చేసి చెబితే, అది అబద్ధానికి గుర్తుగా తీసుకోకూడదు.

కోర్టు మాట వచ్చింది కాబట్టి మొదట్లో అన్న 'ఏదో ఆవేశంలో' దగ్గరికి. ఉద్వేగం విచక్షణను కమ్మేయడం గురించి నాడీశాస్త్రం కన్నా ముందే న్యాయశాస్త్రానికి ఒక సిద్ధాంతం ఉంది. తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపు వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కిందికి రాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి 300వ సెక్షన్ మొదటి మినహాయింపు. 1961లో నానావతి కేసులో సుప్రీంకోర్టు, భార్య చెప్పిన సంగతి విన్న తర్వాత చల్లబడడానికి గంటల వ్యవధి ఉందని ఆ మినహాయింపును నిరాకరించింది. ఆ కేసులో అది సబబే. కానీ ఈ గడియారం ఎవరి ఒంటికి కుట్టింది? ఎదురుబొదురుగా తిరగబడే బలం ఉన్నవాడికి. బ్రిటన్‌లో పదేళ్లు దెబ్బలు తిని, 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పంటించిన కిరణ్‌జిత్ అహ్లూవాలియాకు అది సరిపోలేదు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ పోరాటం తర్వాత 1992లో ఆమె శిక్ష రద్దయింది గానీ, కవ్వింపు వాదన మీద కాదు. ఆమె మానసిక స్థితి దెబ్బతిందన్న ఆధారం మీద. ఆవేశం పనికిరాలేదు, జబ్బు పనికొచ్చింది. 2009లో ఆ దేశం చట్టం మార్చి, నిగ్రహం కోల్పోవడం హఠాత్తుగానే జరగనక్కర్లేదని రాసుకుంది.

మన దగ్గర 1989లోనే మద్రాసు హైకోర్టు, పిల్లలతో బావిలో దూకి తాను మిగిలిన ఒక తల్లి కేసులో, నల్లతంగాళ్ కథను గుర్తుచేస్తూ 'కొనసాగిన కవ్వింపు' అన్న భావనను ముందుకు తెచ్చింది. రోజూ కొంచెం కొంచెంగా నిండే కడవను చూసిన తీర్పు అది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ మినహాయింపు 101వ సెక్షన్ కిందికి మారింది. 'ఆకస్మికమైన' అన్న మాట అందులో అలాగే ఉంది.